పార ముట్టని రోజులు

ఆ చలికాలం మామొసా ఇంట్లో వంటకి తప్ప పొయ్యి వెలగలేదు. ఊరంతా పిడకల మంట చుట్టూ దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే, ఆమె తన వంతు పేడని కాల్చకుండా పెరట్లో గుట్టగా పేర్చుకుంది. "కాలిస్తే ఒక పూట వెచ్చదనం. మట్టిలో కలిపితే ఆర్నెల్లు కూర" అనేది.

లోపలి గదిలో దగ్గుతూ పడుకున్న కూతురు లిపువో దుప్పట్లోంచి మొహం బయటపెట్టి, "నేను గడ్డకట్టి చస్తే నన్నూ కలుపు. ఏడాది కూరొస్తుంది" అనేది.

తల్లి చేతికందిన ఖాళీ డబ్బా తీసి కూతురి మీదికి విసిరేది. మళ్ళీ తనే లేచి వెళ్ళి, డబ్బాకి చిల్లు పడిందేమో చూసుకుని, జాగ్రత్తగా గోడ వారన పెట్టుకునేది. ఆ డబ్బాల్లో నారు పోయాలి.

మామొసాకి యాభై ఆరేళ్ళు. పొడుగు మనిషి, కాస్త ముందుకి వంగి నడుస్తుంది. పెళ్ళయి మా ఊరు హా రాసెబోకి వచ్చిన రోజే అత్తవారు ఆమెకి మామొసా, అంటే మొసా తల్లి, అని పేరు పెట్టారు. మా దగ్గర కడుపు పండక ముందే తల్లి పేరు వచ్చేస్తుంది. మొసా పుట్టింది, మూడు నెలలుండి పోయింది. పేరు మాత్రం ఈమెకి మిగిలిపోయింది. "లేని బిడ్డకి తల్లిని, ఉన్న బిడ్డకి కాపలాదాన్ని" అని నవ్వేది.

ఆమెకి ఒకప్పుడు చేను ఉండేది. మొగుడు గనుల్లో ఇరవై రెండేళ్ళు చేసి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము మోసుకుని ఇంటికొచ్చి, మంచాన పడ్డాడు. ఆయనకి చాకిరీ చేస్తూ ఆమె చేను దున్నలేకపోయింది. ఏళ్ళ తరబడి బీడు పెట్టిన చేను తిరిగి ఊరిది అవుతుంది. ఊరిదొర దాన్ని ఇంకొకరికి ఇచ్చేశాడు. తప్పు పట్టడానికి లేదు, రూలు అలాగే ఉంది. రూళ్ళన్నీ అలాగే ఉంటాయి. వచ్చి పడేది మాత్రం మంచం పట్టినవాడి పెళ్ళాం మీద.

అలా ఆమెకి మిగిలింది పెరడు. నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత నేల. దాని మధ్య నడుమెత్తు రాళ్ళు గుండ్రంగా పేర్చి కట్టిన మడి. రెండేళ్ళ కిందట ఆడవాళ్ళం పదిమందిమి కలిసి కట్టాం దాన్ని. అడుగున తుప్పు డబ్బాలు, ఎముకలు, కలబంద మట్టలు, ఆ పైన గడ్డి, బూడిద, పేడ, అన్నిటి మీదా మట్టి. నడిమధ్య పుల్లలతో అల్లిన బుట్ట నిలబెడతాం. వంటింటి చెత్త, గిన్నెలు కడిగిన నీళ్ళు అందులో పోస్తే మడంతా పీల్చుకుంటుంది. నడుం వంచలేనివాళ్ళు కూడా నిలబడి కూర కోసుకోవచ్చు.

లిపువో పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో ఏడేళ్ళు జీన్సు ప్యాంట్లకి జేబులు కుట్టింది. ఫ్యాక్టరీ మూసేశారు. దగ్గుతో వచ్చింది. కొండ కింద క్లినిక్‌లో నర్సమ్మ కళ్ళె పరీక్ష చేయించి క్షయ అంది. ఆర్నెల్లు మాత్రలు, రోజుకి మూడు. "ఖాళీ కడుపుతో వెయ్యకు. ఒట్టి సంకటితో కూడా వద్దు, కూరుండాలి. మధ్యలో మానావంటే ఈ మాత్రలు పనిచెయ్యడం మానేస్తాయి, తర్వాత నేనేం చెయ్యలేను" అని మామొసా మొహం చూస్తూ చెప్పింది.

కూర అంటే ఇక్కడ ఆకు. మొక్కజొన్న సంకటి, దాని పక్కన సన్నగా తరిగి వేయించిన ఆకు. అది ఉంటే అన్నం, లేకపోతే ఆకలి. చలికాలంలో ఆకు ఉండదు, కిందటేడు ఎండబెట్టిన వరుగు ఉంటుంది. మా వైపు చలికాలం ముగిసేది ఆగస్టులో, అప్పటికి మామొసా దగ్గర గుప్పెడు వరుగు మిగిలింది. కనక ఆమె లెక్క చాలా చిన్నది. ఆగస్టు చివర పెరడు సిద్ధమవ్వాలి. డబ్బాల్లో పెరుగుతున్న నారు అందులోకి దిగాలి. నలభై రోజులకి మొదటి ఆకు తెగాలి. ఆ ఆకు లిపువో కడుపులో మాత్రల్ని నిలబెట్టాలి.

నారు బాగానే వచ్చింది. ఇరవై డబ్బాల్లో పాలకూర, క్యాబేజీ, ఆవకూర కలిపి నూటికి పైగా మొలకలు. పగలు గడప బయట ఎండకి పెట్టేది, పొద్దు వాలగానే లోపలికి తెచ్చేది. మంచుగాలి తగలకుండా తన శాలువా వాటి మీద కప్పేది.

"పసిపిల్లలా వాటికి?" అనేది లిపువో.

"పసిపిల్లలే. నీలా ఎదురు మాట్లాడవు."

ఆగస్టు మధ్యలో ఒక గురువారం మంచు పడింది. కొండలన్నీ తెల్లబడ్డాయి. ఆ నెలలో మంచు అంటే మాకు వాన కిందే లెక్క. అక్టోబరు దాకా వాన రాదు, ఊటబావి దగ్గర మనిషికి ఒక డబ్బాకి మించి పట్టనివ్వరు. మంచు కరిగి నేలలోకి దిగితే నాలుగైదు రోజులు పదునుంటుంది. ఆ తర్వాత ఆగస్టు గాలి మొదలై నేలని పెంకులా ఎండగొడుతుంది. ఆ నాలుగైదు రోజుల్లో తవ్వి, పేడ కలిపి, గడ్డి కప్పినవాళ్ళకి వసంతం ఉంది. మిగతావాళ్ళకి క్యాలెండరులోనే.

సోమవారం పొద్దున్నే మామొసా పార పట్టుకుంది. నేల బెల్లపు ముద్దలా తెగింది. ఒక్క రోజులో పెరట్లో ఒక వరస తవ్వేసింది. సాయంత్రం నా గుమ్మం ముందు నుంచి వెళ్తూ, బురద చేతులు చూపించి, "ఇంకో మూడు రోజులు ఇలాగే ఉండనిస్తే దేవుడితో నాకేం పేచీ లేదు" అంది.

మంగళవారం పొద్దున్న మకోయే పోయాడు.

మకోయే అంటే మా ఊరికి మొదటి వ్యాను తెచ్చినవాడు. తర్వాత ఆరు వ్యాన్లు, రెండు దుకాణాలు. ఫేలో అనే కబురు మనిషి ఊరి పైన గుట్టెక్కి, రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుని అరిచాడు. "వినండహో! మకోయే అయ్య నిద్రపోయాడు! ఇవాళ్టికి మూడో శనివారం మట్టి! అప్పటిదాకా పార ఎత్తకూడదు, నేలని తాకకూడదు!"

శవం మట్టిలోకి వెళ్ళేదాకా బతికున్నవాళ్ళు మట్టిని కదపకూడదు. కదిపితే వడగళ్ళు పడి ఊరి పంటంతా పోతుంది. ఈ మాట మేమందరం పాలతో తాగినదే. నేను దీన్ని వెక్కిరించను. చావొచ్చిన ఇంటి కోసం ఊరంతా పని ఆపడంలో మంచితనం ఉంది. మా తాతల కాలంలో శవాన్ని ఆ మర్నాడే ఎద్దు తోలులో చుట్టి పూడ్చేవాళ్ళు. పార ఒక రోజు ఆగేది, లేదా రెండు. ఇప్పుడు పట్నంలో మార్చురీ ఉంది. ఐసు పెట్టె ఉన్నంతకాలం శవం ఆగుతుంది. శవం ఆగినన్నాళ్ళూ మట్టి ఆగాలి. ఆచారం అంతే ఉంది, ఐసు పెట్టె మాత్రం దాన్ని సాగదీసింది.

మామొసా కూడా నమ్మని మనిషి కాదు. తన చిన్నప్పుడు ఎవరో శవం ఇంట్లో ఉండగా తోట తవ్వారనీ, ఆ ఏడు కోడిగుడ్డంత వడగళ్ళు పడి వాళ్ళమ్మ గుమ్మడిపాదులు గుజ్జయిపోయాయనీ ఎన్నోసార్లు చెప్పింది. అందుకే ఫేలో అరుపు వినగానే పార గోడకి ఆనించేసింది. కానీ మడి పక్కన నిలబడి చాలాసేపు రాళ్ళకేసే చూసింది.

శుక్రవారం ఊరిదొర కూటం పెట్టాడు. మంట చుట్టూ మగవాళ్ళు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. గోడ వారన ఆడవాళ్ళం. మామొసా లేచి నిలబడింది.

"అయ్యా, నాదొక మాట."

"చెప్పమ్మా" అన్నాడు దొర.

"నేలని తాకకూడదన్నారు, తాకను. నా పెరడు అలాగే వదిలేశాను. కానీ నా గుండ్రటి మడి నేల కాదు. రాళ్ళు పేర్చి, డబ్బాలు పరిచి, మట్టి నేను తట్టలో మోసుకొచ్చి పోశాను. అది కుండ లాంటిది. కుండలో వేలు పెట్టి నారు నాటితే తప్పేంటి?"

తాకలో అనే ముసలాయన పొగాకు ఉమ్మేసి, "కుండయితే రేపు మూతపెట్టి పొయ్యి మీదికెక్కించు, మేమూ వస్తాం తినడానికి" అన్నాడు. మగవాళ్ళు పకపకా నవ్వారు.

"నువ్వొస్తే నాకు కూర మిగల్దు మావా. నీ పెళ్ళాం చెప్పింది" అంది మామొసా. ఆ నవ్వు ఇటు తిరిగింది.

తాకలో ఊరుకోలేదు. "కుండకి అడుగుంటుంది. నీ మడికి అడుగేదీ? దాని వేరు కిందికి దిగితే ఎక్కడ ఆగుతుంది? నేలలోనే కదా?"

దొర గడ్డం గోక్కున్నాడు. "అడుగు లేనిది నేలే. తొందరేముందమ్మా? పద్నాలుగు రోజులే కదా మిగిలింది. అందరం ఆగుతున్నాం."

అందరూ అంటే ఎవరో చెప్పాలి. దొర పెరడు జులైలోనే ఎడ్లతో దున్నించి ఉంది. తాకలో అల్లుడికి ట్రాక్టరుంది. ఆ కూటంలో తొందరేముందన్న ప్రతివాడి పెరడూ అప్పటికే తవ్వి గడ్డి కప్పి ఉంది. మంచు పదును కోసం ఎదురుచూసేది ఎద్దు లేనివాళ్ళే.

"నా మొగుడు పోయినప్పుడు నాలుగు రోజులే ఆగారు" అంది మామొసా.

"నువ్వు నాలుగో రోజున మట్టి చేశావు, నాలుగు రోజులు ఆగాం."

"ఐసు పెట్టెకి స్తోమత లేక చేశాను. ఉండుంటే నేను కూడా మీ పారల్ని నెల్లాళ్ళు కట్టేసేదాన్నన్నమాట."

ఎవరూ నవ్వలేదు. దొర గొంతు మారింది. "చచ్చినవాడి పరువు తియ్యకు. మడిలో చెయ్యి పెడితే గొర్రె జరిమానా. వడగళ్ళు పడితే ఊరందరి ముందూ నువ్వే జవాబు చెప్పాలి."

ఆమె దగ్గర గొర్రె లేదు. ఉన్నవి నాలుగు కోళ్ళు. కూర్చుంది.

ఆ రోజు గోడ వారన నేనూ ఉన్నాను. ఆ మడికి రాళ్ళు మోసిన పదిమందిలో ఏడుగురం ఉన్నాం. ఒక్కదానికీ నోరు పెగల్లేదు.

శనివారం గాలి మొదలైంది. ఎర్రదుమ్ము గదుల్లోకి, సంకటిలోకి, కళ్ళలోకి వచ్చింది. సోమవారం తవ్విన వరస పైన పెచ్చు కట్టింది. మామొసా రోజూ వెళ్ళి అరచేత్తో తట్టి చూసుకుని వచ్చేది. వేలు దిగని రోజు వచ్చింది. గోరు దిగని రోజు కూడా వచ్చింది. డబ్బాల్లో నారు ఇరుకై, పొడుగ్గా సాగి, పాలిపోయి ఒకదాని మీద ఒకటి వాలిపోయింది. గిన్నెలు కడిగిన నీళ్ళు మడికి పోయడం మానేసి ఆ డబ్బాలకే పోసింది. లిపువో మొహం కడుక్కున్న నీళ్ళు కూడా వాటికే.

"మొలకలకి నా రోగం అంటిస్తావా?" అంది లిపువో.

"నీ నాలుక అంటించకపోతే చాలు."

కానీ లిపువో మాటలు తగ్గాయి, దగ్గు పెరిగింది. వరుగు ఎప్పుడో అయిపోయింది. సంకటి, ఉప్పు. ఒక్కోరోజు కోడి దయతలిస్తే గుడ్డు.

మట్టి చేయడానికి రెండు రోజులున్నాయనగా, గురువారం, ఫేలో మళ్ళీ గుట్టెక్కాడు. "వినండహో! సరిహద్దు అవతలున్న మకోయే అయ్య పెద్దకొడుక్కి పాస్‌పోర్టు చిక్కొచ్చింది! మట్టి వచ్చే శనివారానికి మారింది! పార ఎత్తకూడదు!"

మామొసా దుప్పటి కప్పుకుని నేరుగా మకోయే ఇంటికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను, ఏం చేస్తుందోనన్న భయంతో.

మకోయే భార్య మాకట్లేహో గదిలో నేల మీద పరుపు వేసుకుని కూర్చుని ఉంది. శవం మట్టి అయ్యేదాకా ఆమె ఆ పరుపు దిగకూడదు. ఒంటి మీద దుప్పటి, తలకి గుడ్డ, కిటికీకి తెర. పక్కన నలుగురు ముసలమ్మలు. బయట మగవాళ్ళు డేరా ఎన్ని గుంజల మీద వెయ్యాలో గట్టిగా వాదించుకుంటున్నారు.

మామొసా ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, నీ దుఃఖం మీద నా దుఃఖం పెట్టకూడదు. అయినా వచ్చాను. మట్టిని వదలమని నీ ఇంటినుంచి ఒక్క మాట వెళ్తే దొర కాదనడు. మడి ఒక్కటే. నా కూతురు..."

ఒక ముసలమ్మ గట్టిగా నాలుక చప్పరించింది. "శవం లేవకముందే కూర గొడవా?"

మాకట్లేహో ఆమెని ఊరుకోమన్నట్టు చెయ్యెత్తింది. గొంతు గీరుకుపోయి ఉంది. "పదిహేడు రోజుల్నుంచి కూర్చున్నానమ్మా ఈ పరుపు మీద. కాళ్ళు వాచిపోయాయి. నా మొగుడు ఏమనేవాడో తెలుసా? నేను పోతే ఆ మర్నాడే పూడ్చెయ్యండి, వ్యాను ఆగితే నష్టం, మనిషి ఆగితే వాసన అనేవాడు. నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఆయన తమ్ముళ్ళు తేదీ పెడతారు, వంటవాళ్ళు తేదీ పెడతారు, పాస్‌పోర్టు ఆఫీసు తేదీ పెడుతుంది. ఈ తెర తియ్యమని అడిగితే కూడా నా మాట చెల్లట్లేదు. నీ మడి గురించి నేనెవరికి చెప్పను?"

మామొసా తల వంచుకుంది. ఆమె చేతిని కాసేపు నిమిరింది. లేచి వచ్చేశాం.

దారిలో ఆమె ఒకే మాట అంది. "బుట్ట ఖాళీ చెయ్యడం తవ్వడం కాదు కదా?"

మడి మధ్యలో నిలబెట్టిన బుట్టని ఏటా వసంతానికి ముందు ఖాళీ చేస్తాం. చివికిన చెత్త తీసి మడి మీద పరుస్తాం, కొత్త పుల్లలతో అల్లుతాం. పార అక్కర్లేదు, చేతులు చాలు. మడి నేలో కుండో ఎవరైనా వాదించుకోనీ, బుట్ట మాత్రం చెత్తబుట్టే. మామొసా మడి గట్టు మీద బోర్లా ఆనుకుని, చేతులు మోచేతుల దాకా బుట్టలోకి దించి చెత్త పైకి తీయడం మొదలెట్టింది. నీళ్ళు పోయక అంతా పొడిపొడిగా ఉంది. బూడిద, గుడ్డు పెంకులు, మొక్కజొన్న పొట్టు.

తర్వాత ఆమె చెయ్యి ఆగింది. పిడికిలి పైకి తీసి విప్పింది. బూడిద అంటిన ఇటికరంగు మాత్రలు. మళ్ళీ చెయ్యి దించింది. మళ్ళీ వచ్చాయి. గట్టు రాయి మీద మూడేసి చొప్పున పేర్చుకుంటూ పోయింది. పద్నాలుగు వరసలయ్యాయి. పద్నాలుగు రోజులు. వరుగు అయిపోయిన మర్నాటి నుంచి.

ఆ నలభై రెండు మాత్రల్ని కొంగులో వేసుకుని లోపలికి వెళ్ళి లిపువో ముందు దుప్పటి మీద పోసింది.

లిపువో వాటిని చూసి, పైకప్పు చూసి, "నీ మడికి బలం తగ్గిందని వేస్తున్నా" అంది. నవ్వాలని చూసింది, దగ్గొచ్చింది.

"ఎందుకే?"

"వేసుకుంటే కడుపులో నిప్పు పోసినట్టుంటుందమ్మా. ఒట్టి సంకటి మీద వేసుకుంటే ఎంతో సేపుండవు, సంకటితో సహా పైకొచ్చేస్తాయి. ఉన్న ఒక్క ముద్దా కక్కుకోవాలా? మాత్ర కావాలో ముద్ద కావాలో తేల్చుకోమంటే నేను ముద్ద తేల్చుకున్నా. నీకు చెప్తే నీ ముద్ద కూడా నాకు పెడతావు. చూస్తున్నాగా, ఇప్పటికే రెండు రోజులకోసారి తింటున్నావు."

మామొసా గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. తల్లి కూతురి కోసం ముద్ద దాచింది, కూతురు తల్లి కోసం మాత్ర దాచింది. ఇద్దరూ ఒకరినొకరు మోసం చేసుకుంటూ పద్నాలుగు రోజులు చావుని మేపారు.

కాసేపటికి ఆమె లేచింది. కత్తి తీసుకుంది. గడప బయట ఎండలో ఉన్న డబ్బాలన్నిటినీ వరసగా చూసింది. తర్వాత మొదటి డబ్బా ముందు గొంతుక్కూర్చుని, పాలిపోయిన నారుని మొదలంటా కోసింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"మతి పోయిందా మామొసా! తొమ్మిది రోజులే కదా! నీ వసంతమంతా ఇదే!"

"వదులు. నా వసంతం లోపల దగ్గుతోంది."

ఇరవై డబ్బాల్లో పద్దెనిమిది కోసింది. రెండింటిని మాత్రం కత్తి చివరతో తాకి వదిలేసింది. వాటిలో పదకొండు మొలకలు. మూడు నెలలు శాలువా కప్పి పెంచిన నారు తరిగితే రెండు పిడికిళ్ళు, నూనె వేసి వేయిస్తే ఒక్క పిడికెడు. సంకటి పక్కన దాన్ని పెట్టి, బుట్టలో దొరికిన మాత్రలు కాదు, మాత్రల డబ్బాలోంచి కొత్తవి మూడు తీసి ఇచ్చింది. లిపువో ఒక్కో ఆకూ నములుతూ ఏడ్చింది. మామొసా ఎదురుగా కూర్చుని, కూతురి గొంతు కదలడమే చూస్తోంది, కడుపు తిరగబడుతుందేమోనని చేతిలో పళ్ళెం పట్టుకుని. తిరగబడలేదు.

మర్నాడు కొండ దిగి క్లినిక్‌కి వెళ్ళారు. నర్సమ్మ తిట్టాల్సినంత తిట్టి, మళ్ళీ కళ్ళె తీసుకుని, కార్డు మీద పాతదంతా కొట్టేసి కొత్తగా ఒకటో రోజు అని రాసింది. "పెట్టే కూర సంగతి నా చేతిలో లేదమ్మా, నా దగ్గర మాత్రలే ఉన్నాయి" అంది. ఆమె అబద్ధమాడలేదు. మాత్ర ఇచ్చే ప్రభుత్వానికి ఆ మాత్ర ఏ ముద్ద మీద పడుతుందో చూసే కన్ను లేదు. ఈ మాట నేను క్లినిక్‌వాళ్ళ మీటింగులు ఎన్నింటిలో చెప్పానో, రాసుకున్నవాళ్ళు రాసుకున్నారు.

మేము ఆడవాళ్ళం సిగ్గుపడి తలో పిడికెడు వరుగు తెచ్చిచ్చాం. ఎవరి దగ్గరా ఎక్కువ లేదు. అది నాలుగు రోజులొచ్చింది. మిగతా రోజుల్లో మాత్రలు ఒకరోజు నిలిచాయి, ఒకరోజు నిలవలేదు.

ఇరవై ఆరో రోజు మకోయేని మట్టి చేశారు. తెల్లడేరా, ఆరు వ్యాన్లు, విందుకి కోసిన రెండు ఎద్దులు. సమాధి తవ్వినచోట అడుగునుంచి తీసిన మట్టి నల్లగా, చెమ్మగా ఉంది. మామొసా పాటలు సాగినంతసేపూ ఆ మట్టికేసే చూస్తూ నిలబడింది. తన దుప్పట్లో చుట్టి తెచ్చిన లిపువోని డేరా కింద కూర్చోబెట్టి, ఉడికించిన మొక్కజొన్న, మాంసం, బీట్‌రూటు, క్యాబేజీ పెట్టించింది. ఆ పిల్ల నెలన్నరలో మొదటిసారి కడుపునిండా తింది. మూడు మాత్రలూ వేసుకుంది, నిలిచాయి. చచ్చినవాడు తన ఇంటి ముందు పెట్టిన ఆ ఒక్క పూట, ఆమె మడి ఇరవై ఆరు రోజులు పెట్టలేకపోయిన దాన్ని పెట్టింది.

సమాధి దగ్గర్నుంచి వచ్చినవాళ్ళు ఇంటి గేటు ముందు చేతులు కడుక్కుంటారు. పెద్ద ఇనుప తొట్టెల్లో నీళ్ళు, అందులో తరిగి వేసిన కలబంద ముక్కలు. మూడొందలమంది కడిగేసరికి నీళ్ళు ఎర్రటి బురదయ్యాయి. మనిషికి ఒక డబ్బాకి మించి నీళ్ళు దొరకని ఊళ్ళో మూడు తొట్టెల నీళ్ళు. ఫేలో వాటిని రోడ్డు పక్కకి ఒంపబోతున్నాడు.

మామొసా రెండు డబ్బాలు తెచ్చి తొట్టెలో ముంచింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" అన్నాడు ఫేలో.

"నీళ్ళు తీసుకుంటున్నా."

"ఇవి చావు కడిగిన నీళ్ళు! ఇంటికి పట్టుకెళ్తావా?"

"మడికి. మడి అడుగున ఎముకలూ కలబందా ఉన్నాయి. దానికిదేం కొత్త కాదు."

చుట్టూ జనం చేరారు. తాకలో కర్ర ఎత్తి, "దీనికి సిగ్గూ లేదు, భయమూ లేదు. రేపు వడగళ్ళు పడితే చూసుకో" అన్నాడు.

"వడగళ్ళు పడాలంటే ముందు పంటుండాలి మావా" అంది మామొసా. ఆమెకి భయం లేక కాదు. అయినా రెండో డబ్బా ముంచింది. "నేను మట్టిని ముట్టలేదు. మీరు చెప్పిన ఇరవై ఆరు రోజులూ ముట్టలేదు. నారు కోసి తినేశాం. ఇంకేం కావాలి నా దగ్గర?"

దొర ఏదో చెప్పబోయాడు. అప్పుడు ఇద్దరాడవాళ్ళు చెరో పక్క పట్టుకుని నడిపిస్తున్న మాకట్లేహో గేటు దగ్గర ఆగింది. పరుపు దిగిన మొదటి రోజు. కాళ్ళు సరిగ్గా నిలబడటం లేదు. కొత్త విధవ జనంలో గొంతెత్తకూడదు. ఎత్తింది.

"నా మొగుణ్ణి పూడ్చి కడిగిన నీళ్ళు. నావి. పట్టుకెళ్ళనీ."

ఫేలో తొట్టె వదిలేశాడు. మిగిలిన తొట్టెల నుంచి మేము ఏడుగురం తలో డబ్బా ముంచుకుని ఆమె వెనక నడిచాం. కూటంలో నోరు మెదపని నోళ్ళకి అది ప్రాయశ్చిత్తం కాదని నాకు తెలుసు. నీళ్ళు మాత్రం తొమ్మిది డబ్బాలయ్యాయి.

ఆ నీళ్ళన్నీ మడి మధ్య బుట్టలో పోసింది. మర్నాడు ఆదివారం. సోమవారం పొద్దున పార తీసి పెరట్లో వేస్తే ఠంగుమంది, నేల రాయి అయిపోయింది. పార పక్కన పెట్టేసింది. మడిలో మాత్రం మట్టి వేలికి తెగింది. పదకొండు మొలకల్నీ ఒక్కొక్కదాన్నీ వేరు విరగకుండా తీసి, జానెడు దూరంలో నాటింది. పదకొండూ బతికినా ఇద్దరికి వారానికి రెండు పూటలు కూర. ఆ లెక్క ఆమెకి నాకంటే బాగా తెలుసు.

లిపువో దుప్పటి కప్పుకుని గడపలో కూర్చుని చూస్తోంది.

"ఎన్నాళ్ళకి కోస్తాం?"

"నలభై రోజులు."

"నాకింకా నూట డెబ్బై."

"అయితే నువ్వే వెనకబడ్డావు. దాన్ని చూసి నేర్చుకో" అంది మామొసా.

ఇప్పుడామె పెరట్లో రోజుకి మంచమంత నేలని, పార మొన వంగిపోతున్నా, కొట్టి కొట్టి పగలగొడుతోంది. గుమ్మడి గింజలు కొన్ని ఉన్నాయి, వాన కోసం. కానీ ప్రతి ఉదయం పార ఎత్తబోయే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఊరి పైన గుట్ట వైపు చెవి పెడుతుంది. ఎవరూ అరవడం లేదని తేల్చుకున్నాకే వేస్తుంది మొదటి దెబ్బ.